గోడా, గడువా? హార్లే-డేవిడ్‌సన్ సుంకంపై ఒక సంవాదం

వాది: దిగుమతి సుంకం వల్ల ఒక్క పరిశ్రమైనా బాగుపడిందా అని అడిగేవారికి నేను ఒక్క పేరే చెబుతాను. హార్లే-డేవిడ్‌సన్. 1903లో మిల్వాకీలో ఒక చిన్న చెక్క షెడ్డులో పుట్టిన ఈ కంపెనీ, 1980ల నాటికి అమెరికాలో మిగిలిన ఒకే ఒక్క పెద్ద మోటార్‌సైకిల్ కంపెనీ. దాని చిరకాల ప్రత్యర్థి ఇండియన్ 1953లోనే చేతులెత్తేసింది. 1970ల ఆరంభంలో అమెరికాలో అమ్ముడుపోయే భారీ బైకుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు హార్లేవే. పదేళ్ళు తిరిగేసరికి ఆ వాటా నాలుగో వంతుకు దిగజారింది. 1982లో రెండున్నర కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. పనివాళ్ళను వందల్లో, వేలల్లో ఇంటికి పంపారు. సరిగ్గా ఆ స్థితిలో 1983 ఏప్రిల్ 1న అధ్యక్షుడు రీగన్, 700 సీసీ దాటిన దిగుమతి బైకుల మీద సుంకాన్ని 4.4 శాతం నుంచి 49.4 శాతానికి పెంచాడు. మార్కెట్టుకు ప్రభుత్వం అడ్డు తగలకూడదని ఊరూరా చెప్పిన మనిషే ఆ పని చేశాడు. అదనపు సుంకం ఏటా 45, 35, 20, 15, 10 శాతంగా తగ్గుతూ అయిదేళ్ళకు పూర్తిగా పోవాలన్నది ఏర్పాటు. అయిదో ఏడు రాకముందే, 1987 మార్చిలో, ఆ కంపెనీయే వచ్చి ఇక మాకిది అక్కర్లేదు, తీసేయండి అంది. ప్రభుత్వం చేతి సాయం రుచి మరిగినవాళ్ళు దాన్ని తమంతట తాము వదులుకోవడం చరిత్రలో ఎన్నిసార్లు చూశాం? సుంకం వేశారు, ఊపిరి తిరిగింది, సుంకం తీశారు. ఇంతకన్నా శుభ్రమైన రుజువు ఏ వాదానికైనా దొరుకుతుందా?

ప్రతివాది: తాటిచెట్టు మీద కాకి వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి బరువుకే రాలిందనడానికి ఇంకొంచెం రుజువు కావాలి. ముందు మీ గోడకు ఎన్ని గుమ్మాలున్నాయో చూద్దాం. సుంకం 700 సీసీ దాటిన బైకుల మీదే కదా. జపాన్ కంపెనీలు 750 సీసీ ఇంజన్లను కాస్త కుదించి 700 లోపుకు దించాయి. హోండా నైట్‌హాక్ 1984లో అలా 700గా మారి వచ్చింది. పోనీ హార్లేకు నిజంగా ఎదురు నిలిచే వెయ్యి సీసీ పైబడిన బైకుల సంగతి? హోండా తన గోల్డ్‌వింగ్‌ను 1980 నుంచే ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్‌లో తయారుచేస్తూ ఉండేది. కవాసాకికి నెబ్రాస్కాలోని లింకన్‌లో అప్పటికే ఫ్యాక్టరీ ఉంది. అమెరికా గడ్డ మీద అమెరికన్ కార్మికుడు బిగించిన బండి దిగుమతి కిందికే రాదు. యూరప్ బండ్లకు కోటాలిచ్చి దారి వదిలారు. ఇక ఆ గోడకు నిజంగా తల తగిలింది అమెరికాలో ఫ్యాక్టరీ లేని సుజుకికి, యమహాకు. పైగా సుంకం పడేనాటికే జపాన్ బైకులు అమెరికా గోదాముల్లో గుట్టలుగా పేరుకుని ఉన్నాయి. ఏడాది పైచిలుకు అమ్మకాలకు సరిపడా సరుకది. లోపలికి వచ్చేసిన సరుకును ఏ గోడ ఆపుతుంది? మీరు 49.4 అనే అంకెను చూసి కోట అనుకుంటున్నారు. దగ్గరికెళ్ళి చూస్తే అది తడికె.

వాది: తడికె అనే ఒప్పుకుంటాను. కానీ ఆ గోదాముల్లో గుట్టలు ఎందుకు పేరుకున్నాయో కూడా చెప్పాలి కదా. 1981లో యమహా ప్రపంచంలో మొదటి స్థానం నాదేనని హోండాకు సవాలు విసిరింది. హోండా ఏడాదిన్నరలో నూట పదమూడు మోడళ్ళు దించి జవాబిచ్చింది. ఆ ఇద్దరి కుస్తీలో బండి ధర, లాభం, డిమాండు అన్నీ గాలికి పోయాయి. అమెరికా మాంద్యంలో ఉంది, వడ్డీలు ఆకాశంలో ఉన్నాయి, అయినా ఓడలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఎద్దులు రెండూ పొడుచుకుంటే నలిగేది లేగదూడలని మన పల్లెల్లో ఏనాడో చెప్పారు. అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ 1983 జనవరిలో 2-1 ఓటుతో తేల్చింది కూడా ఇదే. జరిగిపోయిన నష్టం కన్నా జరగబోయే ముప్పునే కమిషన్ ఆధారంగా తీసుకుంది. గోదాములో సరుకును సుంకం ఆపలేదు, నిజమే. ఆ సరుకు తెగనమ్మాక దాని వెనకే మరో గుట్ట వచ్చి పడకుండా ఆపగలదు. ఇంకో మాట. కంపెనీకి అప్పిచ్చినవాడి కళ్ళతో చూడండి. 1981లో వాన్ బీల్స్ నాయకత్వంలో పదమూడు మంది అధికారులు సుమారు 8 కోట్ల డాలర్లకు ఈ కంపెనీని కొనుక్కున్నారు. అందులో సింహభాగం అప్పు. వడ్డీ కట్టే నెలలోనే అమ్మకాలు కూలితే, బ్యాంకు చూసేది రేపు వచ్చే ఓడల వైపే. ఆ ఓడలకు అయిదేళ్ళు అడ్డుందన్న కబురుకు విలువ లేదంటారా?

ప్రతివాది: ఓడల దాకా వెళ్ళేముందు ఇంటి నేల చూడండి. ఆ రోజుల్లో హార్లే డీలర్లు షోరూములో కొత్త బండి కింద అట్టముక్క పరిచేవాళ్ళు. ఎందుకంటే అమ్ముడుపోని బండి కూడా నూనె కారేది. అప్పటి షవల్‌హెడ్ ఇంజన్‌లో సిలిండర్ పోతఇనుము, దాని మీద మూత అల్యూమినియం. వేడెక్కితే రెండూ ఒకే తీరుగా వ్యాకోచించవు. దానికి తోడు అజాగ్రత్తగా చేసిన బిగింపు. ఇక మధ్యలో గాస్కెట్ ఎంతకాలం ఆగుతుంది? 1969లో ఈ కంపెనీని కొన్న ఏఎంఎఫ్, బౌలింగ్ ఆట సామగ్రి అమ్మే సంస్థ. ఉత్పత్తిని ఎడాపెడా పెంచింది. 1973లో బిగింపు పనిని మిల్వాకీ నుంచి పెన్సిల్వేనియాలోని యార్క్‌కు తరలించింది. సంఖ్య పెరిగింది, పనితనం పోయింది. తర్వాత హార్లే పెద్దలే మేరీస్‌విల్ వెళ్ళి హోండా ఫ్యాక్టరీ చూసి నివ్వెరపోయారు. అక్కడ మంత్రదండాలేమీ లేవు. విడిభాగాల నిల్వలు తక్కువ, కాగితం పని తక్కువ, తన పనిని తానే సరిచూసుకునే కార్మికుడు. అంతే. ఇక అడిగే అలవాటు సంగతి. 1952లో బ్రిటిష్ బైకుల మీద 40 శాతం సుంకం అడిగి కాదనిపించుకున్నారు. 1970ల చివర జపాన్ బైకులు కారుచౌకగా కుమ్మరిస్తున్నారని ఫిర్యాదు చేశారు. కుమ్మరించడం నిజమే కానీ దానివల్ల మీకు నష్టం రుజువు కాలేదని తేల్చారు. మూడోసారి 1982లో మళ్ళీ తలుపు తట్టారు. రోగం లోపల ఉంటే మాటిమాటికీ వీధి తలుపు వేయమనడం ఏం వైద్యం?

వాది: రోగం లోపలిదేనని నేనూ అంటాను. మరి మందు పనిచేయడానికి పట్టే రోజుల్లో రోగి బతికి ఉండాలి కదా. నిల్వలు తగ్గించి, ఎప్పటికి కావలసిన భాగం అప్పటికే తెప్పించుకునే పద్ధతిని కంపెనీ సుంకానికి ముందే మొదలుపెట్టింది. కార్మికులకు గణాంకాలు నేర్పి తమ పని నాణ్యతను తామే కొలిచేలా చేసింది. షవల్‌హెడ్ స్థానంలో వచ్చిన ఎవల్యూషన్ ఇంజన్ ఆలోచనైతే ఇంకా ముందుది, 1970ల నడిమి నాటిది. మీరు ఇప్పుడే తిట్టిన ఏఎంఎఫ్ డబ్బుతో మొదలైన పని అది. ఏఎంఎఫ్ వైపు కూడా న్యాయం ఉంది. 1968-69లో బాంగర్ పుంటా అనే సంస్థ ఈ కంపెనీని బలవంతంగా చేజిక్కించుకోబోయింది. ఆ చేతుల్లో పడకుండా ఆపి, మిల్వాకీ పాత గోడల మధ్య ఎన్నటికీ సాధ్యం కాని ఫ్యాక్టరీకి, కొత్త ఇంజన్‌కు పెట్టుబడి పెట్టింది ఏఎంఎఫ్. కానీ ఆ ఇంజన్ మార్కెట్టులోకి వచ్చింది 1984 మోడళ్ళతో. సిలిండర్, మూత రెండూ అల్యూమినియమే, నూనె కారడం ఆగింది. విత్తనం వేసింది 1976 ప్రాంతంలో, పంట చేతికొచ్చింది 1984లో. ఈ రెంటి మధ్య 1982, 1983 అనే రెండు కరువు సంవత్సరాలున్నాయి. సుంకం విత్తనమని నేను అనలేదు, వాన అని కూడా అనలేదు. చేను కోతకొచ్చే వేళ పశువులు పడకుండా కట్టిన కంచె అది.

ప్రతివాది: కంచె మాట మీరే ఎత్తారు కనుక, కంచే చేను మేసిన సంగతి నేను చెప్పాలి. ఆ అయిదేళ్ళలో ఖర్చు భరించింది ఎవరు? ఇవాతాలోనో హమామత్సులోనో ఉన్న కంపెనీ ఒక్కటే భరించలేదు. ఒహాయోలో పాలు పోసేవాడో టెక్సాస్‌లో మెకానిక్కో, తనకు నచ్చిన సుజుకి కొనబోయి ఎక్కువ ధర ఇచ్చుకున్నాడు, లేదంటే కోరిన 750 బదులు కుదించిన 700తో సర్దుకున్నాడు. జపాన్ బైకులు అమ్మే దుకాణాలు నడిపేవాళ్ళూ అమెరికన్లే. వాళ్ళ పేర్లు ఏ అభినందన సభలోనూ వినపడవు. పోనీ ఆ ఖర్చు హార్లే ఖాతాలో చేరిందా అంటే, అక్కడే అసలు చిక్కుంది. హార్లే ఇంజన్‌ను దగ్గర నుంచి చూడండి. రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో నిలబడి ఉంటాయి, రెంటి కనెక్టింగ్ రాడ్లూ క్రాంక్ మీద ఒకే పిన్నుకు తగులుకుని ఉంటాయి. అందుకే పేలుళ్ళు సమంగా రావు. ఒకటి పేలాక రెండోది 315 డిగ్రీలకు, మళ్ళీ మొదటిది 405 డిగ్రీలకు. ఆ కుంటి నడకే దాని చప్పుడు. మన ఊళ్ళలో బుల్లెట్ డుగ్‌డుగ్ శబ్దం వీధి మలుపులోనే గుర్తుపట్టినట్టు, ఆ చప్పుడును అక్కడ గుర్తుపడతారు. 1994లో దానికి ట్రేడ్‌మార్క్ కోరుతూ దరఖాస్తు కూడా పెట్టి, ఆరేళ్ళకు వదులుకున్నారు. ఆ చప్పుడు కోసం బండి కొనేవాడు హోండా వెయ్యి డాలర్లు తగ్గితే అటు పోడు, పెరిగితే ఇటు రాడు. కితానో, ఓహాషి అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో లెక్క కట్టి తేల్చింది ఇదే. హార్లే అమ్మకాలు కోలుకోవడంలో సుంకం పాత్ర చాలా స్వల్పం. ఎందుకంటే ఆ రెండు రకాల బండ్లూ ఒకదానికొకటి బదులు కావు. దానికి 1985 సెప్టెంబర్‌లో కరెన్సీల విలువలపై కుదిరిన ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ విలువ ఎగసి, జపాన్ సరుకు ఏ సుంకమూ లేకుండానే ప్రియమైందన్నది కలపండి. 1986లో భారీ బైకుల్లో హార్లే హోండాను దాటిందంటే, కాకి బరువు ఎంతో మీరే తూచుకోండి.

వాది: ఆ అధ్యయనానికి నా దగ్గర సూటి జవాబు లేదు. అమ్మకాల లెక్క వరకు దాన్ని ఒప్పుకుంటాను. కానీ కంపెనీలు అమ్మకాలు తగ్గినందువల్లే చావవు. అప్పు వాయిదా నాడు చేతిలో డబ్బు లేనప్పుడు చస్తాయి. 1985 డిసెంబర్ 31 తీసుకోండి. అప్పటికి ఎవల్యూషన్ వచ్చి రెండేళ్ళయింది, నాణ్యత మెరుగైంది, బైకు యజమానులతో 1983లో మొదలుపెట్టిన సంఘం పెరుగుతోంది. మీ లెక్క ప్రకారం అన్నీ బాగున్న కాలం. అయినా ఆ రోజు కంపెనీ దివాలా అంచున ఉంది. అప్పిచ్చిన సిటీకార్ప్ మరో మాంద్యం వస్తుందన్న భయంతో బయటపడాలని చూసింది. ఆర్థిక వ్యవహారాలు చూసే రిచర్డ్ టీర్‌లింక్ గుమ్మం గుమ్మం తిరిగి, చివరికి హెల్లర్ ఫైనాన్షియల్‌ను ఒప్పించాడు. కాగితాలు ముగిసింది ఏడాది ఆఖరి రోజున, గడువుకు కొద్ది గంటల ముందు. మంచి ఇంజను, మంచి పద్ధతులు, ప్రాణమిచ్చే కొనుగోలుదారులు ఇన్ని ఉన్న కంపెనీ కూడా కొద్ది గంటల దూరంలో పోయేదన్నమాట. అమ్మకాల సమీకరణం ఈ గంటలను లెక్కపెట్టదు. సుంకం ఇచ్చింది కొన్ని వందల బైకుల అమ్మకమే అనుకుందాం. ఇంత సన్నని దారం మీద వేలాడేవాడికి అదే చాలదని ఎవరు చెప్పగలరు? చాలిందని నేను రుజువు చేయలేను, అది నా వాదానికి లోటే. చాలలేదని మీరూ రుజువు చేయలేరు.

ప్రతివాది: రుజువు చేయలేనన్నారు కనుక నేనూ ఒక మెట్టు దిగుతాను. ఆ దారం సంగతి నిజం. కానీ చూడండి, మీ వాదం ఎక్కడికి వచ్చి నిలబడిందో. మొదట సుంకం శాతం గురించి మాట్లాడారు, ఇప్పుడు అప్పుల వాడి గడియారం గురించి మాట్లాడుతున్నారు. హార్లేను పరుగెత్తించింది గడియారమే. 1981 కొనుగోలు అప్పు ఒక గడియారం. 45 నుంచి 10కి దిగే సుంకం రెండో గడియారం. గోడ ఏటికేడు కుంగుతోందని లోపలున్న ప్రతి కార్మికుడికీ తెలుసు. గడియారం లేని గోడలు ఏం చేశాయో కూడా చూద్దాం. 1964లో యూరప్‌తో కోళ్ళ మాంసం తగాదా వచ్చి, అమెరికా దిగుమతి లైట్ ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ళ తగాదా అందరూ మరచిపోయారు, ట్రక్కుల సుంకం మాత్రం నేటికీ ఉంది. దాని నీడలో డెట్రాయిట్ కంపెనీలు ట్రక్కుల లాభానికి అలవాటుపడి చిన్న కార్ల పోటీని వదిలేసుకున్నాయి. మన దేశంలో 1991కి ముందు స్కూటర్ బుక్ చేసిన మనిషి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాడు. కంపెనీకి తొందరేముంది? కొనేవాడికి మరో దిక్కు లేదు. కనుక హార్లే కథ నుంచి సుంకం మంచిదన్న నీతి తీయడం తప్పు. ఏదైనా నీతి తీయాలంటే, గడువు మంచిది అని తీయాలి. గడువు విధించడానికి సుంకమే కావాలా అన్నది ఇంకా తేలని ప్రశ్న.

వాది: గడువున్న సుంకం, గడువు లేని సుంకం ఒకటి కావని మీరే అన్నాక, నేను మొదటి నుంచీ సమర్థిస్తున్నది మొదటి దాన్నేనని గుర్తుచేస్తే చాలు. 1987ను చూడండి. ఆ మే నెలలో రీగన్ స్వయంగా యార్క్ ఫ్యాక్టరీకి వచ్చాడు. ఆ అక్టోబర్‌లో సుంకం ఎత్తేశారు. అదే ఏడాది కంపెనీ షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో చేరాయి. గడువుకు లొంగడమే కాదు, గడువు కన్నా ముందే లేచి నిలబడింది. ఆస్పత్రి నుంచి వైద్యుడు పంపకముందే నడిచి వెళ్ళిన రోగి అది.

ప్రతివాది: ఆ మంచం మీద అప్పటికి ఎంత దుప్పటి మిగిలిందో కూడా చెప్పాలి. 1987 మార్చి నాటికి మిగిలింది అయిదో ఏడు ఒక్కటే, అదనపు సుంకం 10 శాతమే. ఆ పది శాతాన్ని వదులుకుంటే దొరికేదేమిటి? దేశాధ్యక్షుడు ఫ్యాక్టరీకి రావడం, పత్రికల మొదటి పేజీ, న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో అడుగుపెడుతున్న వేళ మేం మా కాళ్ళ మీద నిలబడ్డామన్న చాటింపు. సుంకం తీసేయమన్న ఆ విన్నపం రాసిన చేయి వ్యాపారం తెలిసిన చేయి. తప్పేమీ లేదు, కానీ దాన్ని త్యాగమనకండి. ఇక ఆ తర్వాతి చరిత్ర ఇంకా రుచికరం. ఒకప్పుడు గోడ కట్టమని అడిగిన కంపెనీ, ఆ తర్వాత పరాయి గోడలు దూకడంలోనే కాలం గడిపింది. 2007లో మన మామిడిపళ్ళకు అమెరికా తలుపు తెరిస్తే, హార్లే బైకులకు మన ఉద్గార నిబంధనల తలుపు తెరిచాం. సుంకం మాత్రం అప్పుడు తగ్గలేదు. తయారైన బండి తెస్తే సుంకం ఎక్కువ, విడిభాగాలు తెచ్చి బిగిస్తే తక్కువ. అందుకే 2011లో హర్యానాలోని బావల్‌లో బిగింపు ఫ్యాక్టరీ పెట్టింది. 2018లో యూరోపియన్ యూనియన్ అమెరికా ఉక్కు సుంకాలకు బదులుగా హార్లే మీద సుంకాన్ని 6 శాతం నుంచి 31 శాతానికి పెంచింది. బండికి సుమారు 2,200 డాలర్ల భారం. కంపెనీ యూరప్‌కు పోయే బండ్ల తయారీని అమెరికా బయటికి తరలిస్తానంది. సొంత దేశపు అధ్యక్షుడు మండిపడ్డాడు. మేరీస్‌విల్‌లో హోండా, బావల్‌లో హార్లే. గోడ ఉన్న దేశంలోకి ఎవరైనా పోయే దారి ఒక్కటే.

వాది: దాన్ని నా వైపు లెక్కే వేసుకోవచ్చు. గోడ ఉండబట్టే బావల్‌లో కొలువులు పుట్టాయి కదా అనవచ్చు. కానీ అంత తేలికగా అనలేను. మేరీస్‌విల్ ఫ్యాక్టరీ సుంకానికి ముందే వచ్చింది, అమెరికా మార్కెట్టు పెద్దది కనుక. బావల్ ఫ్యాక్టరీ గోడ కోసం వచ్చింది, చాలినన్ని బండ్లు అమ్ముడుపోక 2020లో కంపెనీ మూటముల్లె సర్దుకుంది. గోడ పిలిచిన అతిథి పెళ్ళి దాకా ఉండడని నాకూ తెలిసింది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది, దాని నుంచి మీరు తప్పించుకోలేరు. 1983లో నిర్ణయం తీసుకునేవాడి కుర్చీలో కూర్చోండి. ఎదుట ఉన్నది మూడోసారి చేయి చాచిన కంపెనీ, కింద అట్టముక్కలు పరిచిన బండ్లు, నెత్తిన కొండంత అప్పు. మీ లెక్క ప్రకారం చేయాల్సింది ఒకటే, వద్దని పంపేయడం. అలా పంపేసిన ఉదాహరణ ఒకటుంది. 1949లో పౌండు విలువ తగ్గి బ్రిటిష్ బైకులు చౌకగా వచ్చిపడ్డాయి. 1952లో సుంకం అడిగితే కాదన్నారు. మరుసటి ఏడాదే ఇండియన్ ఫ్యాక్టరీ మూతపడింది. 1901 నుంచి నడిచిన కంపెనీ అది, హార్లే కన్నా రెండేళ్ళు పెద్దది. 1955 నుంచి కొన్నేళ్ళపాటు అమెరికాలో ఇండియన్ అన్న పేరుతో అమ్మినవి ఇంగ్లండ్‌లో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లు. ట్యాంకు మీద ఇండియన్ పేరు, ట్యాంకు కింద ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ ఇంజను. కంచె లేని చేను ఇలా ఉంటుంది.

ప్రతివాది: 1952లో కాదనిపించుకున్నది ఇండియన్ కాదు, హార్లే. కాదనిపించుకుని కూడా అది ఏఎంఎఫ్ చేతికి చేరేదాకా పదిహేడేళ్ళు సొంతంగా బతికింది. ఇండియన్ పోయింది యుద్ధం తర్వాత తనకు అలవాటు లేని చిన్న బండ్లలోకి దిగి, అవి సరిగా నడవక, చేతిలో డబ్బు ఆవిరైపోయి. ఒకే మార్కెట్టు, ఒకే పౌండు, ఒకే తిరస్కారం. ఒకటి చచ్చింది, ఒకటి బతికింది. అయినా మీ చివరి మాట తీసిపారేయలేను. ఇండియన్‌కు ఒక అయిదేళ్ళు దొరికి ఉంటే ఏమయ్యేదో నా లెక్క చెప్పదు, హార్లేకు దొరక్కపోయి ఉంటే ఏమయ్యేదో మీ లెక్క చెప్పదు. మనిద్దరం బతికిన రోగిని చూసే మందు గురించి మాట్లాడుకుంటున్నాం. కానీ ఆ ట్యాంకు సంగతి మాత్రం వదలను. పేరు ఒకరిది, బండి ఇంకొకరిది కావడమే చావంటే, రాజస్థాన్‌లోని నీమ్రానాలో 2023 నుంచి హీరో కంపెనీ తయారుచేస్తున్న 440 సీసీ బండిని చూసి చెప్పండి. ఇంజను రెండు సిలిండర్లది కాదు, ఒకే సిలిండర్. ఆ కుంటి నడక చప్పుడు లేదు. బిగించే చేయి మిల్వాకీది కాదు, యార్క్‌దీ కాదు. ట్యాంకు మీద మాత్రం హార్లే-డేవిడ్‌సన్ అని ఉంది. 1983లో అమెరికా గోడ కట్టి కాపాడింది దీన్నేనా?